నువ్వు కూర్చో అమ్మా, మేం వెళ్లి వస్తాం

మూడేళ్ల కిందట, మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటి మధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ బయలుదేరుతుండగా నేనూ చీర మార్చుకుని గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. మా అబ్బాయి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కూర్చో అమ్మా, ఆ తొక్కిసలాటలో నీకెందుకు, మేం వెళ్లి వస్తాం" అన్నాడు. కోడలు టీవీలో ప్రత్యక్ష ప్రసారం పెట్టి, పక్కనే మంచినీళ్లు, మజ్జిగ, మాత్రల డబ్బా అమర్చి, "జాగ్రత్త అత్తయ్యా" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. మా ఇల్లు అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలికి మరీ దూరమేమీ కాదు. పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, సిరిమాను, కదిలినప్పుడు జనం వేసిన కేక ముందు కిటికీలోంచి వినిపించింది. కొన్ని క్షణాల తర్వాత అదే కేక టీవీలో వినిపించింది. గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరిగింది, మూడుసార్లూ అలాగే జరిగింది. పెళ్లయి విజయనగరం వచ్చిన ఈ 40 ఏళ్లలో, దసరా తర్వాతి మంగళవారం నాడు నేను ఊరితో కాకుండా టీవీతో గడపడం అదే మొదటిసారి.

నన్ను ఎవరూ అవమానించలేదు. ప్రేమతోనే ఇంట్లో ఉంచారు. అందుకే ఈ బాధను బయటికి చెప్పుకోవడం కష్టం. చెబితే పిల్లల మీద నేరం మోపినట్టవుతుంది, చెప్పకపోతే లోపల రాయిలా ఉండిపోతుంది. నా వయసు 66. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి విరమించాను. ఆ మధ్యాహ్నం నాలో కలిగిన భావానికి సరైన పేరు వెతుక్కోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మొదట దాన్ని ఒంటరితనం అనుకున్నాను, కానీ అది కాదు. ఒంటరితనం మనుషుల కోసం తపించడం. మా ఇంట్లో ఐదుగురం ఉంటాం, సాయంత్రమైతే పక్కింటివాళ్లు వస్తారు, ఫోన్లు వస్తాయి. నాకు కలిగింది వేరే: ఊరు వేసుకునే లెక్కలో నేను లేననే భావం. జాతర నా కోసం కాదు, బజారు నా కోసం కాదు, పెళ్లిలో మాటలు నాతో కాదు, నేను ఉన్నా లేకపోయినా ఏదీ ఆగదు. 'కూరలో కరివేపాకు' అని మనవాళ్లు అలవాటుగా అనేస్తారు గానీ, ఏరి పక్కన పెట్టినప్పుడు కరివేపాకుకు ఎలా ఉంటుందో ఎవరూ అడగరు.

ఇది హఠాత్తుగా వచ్చింది కాదు. వెనక్కి తిరిగి చూసుకుంటే మొదలు మోకాళ్ల దగ్గర కనిపిస్తుంది. అందరూ అనే మాటే, గుజ్జు అరిగిపోయింది. ముందు మేడ మీదికి వెళ్లడం మానేశాను, బట్టలు ఆరవేయడం కోడలి పనైంది. తర్వాత కూరగాయలకు రైతు బజారుకు వెళ్లడం మానేశాను, అది అబ్బాయి పనైంది. తర్వాత నేల మీద కూర్చోలేనని పేరంటాలు మానేశాను. మానేసిన ప్రతి పనితోనూ నలుగురు మనుషులు పోయారు: కూరలమ్మే ఆమె పోయింది, మేడ మీంచి పలకరించే ఎదురింటావిడ పోయింది, పసుపు రాసే చేతులు పోయాయి. నొప్పి ఒక కీలులోనే ఉంది, కానీ దాని వెంట సగం ఊరు వెళ్లిపోయింది.

చెవులది ఇంకో కథ. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా హెచ్చు శ్రుతిలోని సన్నని శబ్దాలను తీసుకుపోతుంది. స, శ, త, ప వంటి హల్లులు చెదిరిపోతాయి, అచ్చులు మాత్రం గట్టిగానే వినిపిస్తాయి. అందువల్ల మాట వినిపిస్తుంది, అర్థం కాదు. పెళ్లి భోజనాల దగ్గర ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. రెండుసార్లు "ఏమిటీ?" అని అడగవచ్చు, మూడోసారి అడిగితే ఎదుటివాళ్లు "ఏం లేదులే" అంటారు. ఆ 'ఏం లేదులే' అనే మాట ఎంత చిన్నదో, అది మనిషిని అంత దూరం నెట్టేస్తుంది. మతిమరుపు జబ్బు ముప్పును తగ్గించగల అంశాలపై లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో చెప్పిన 14 కారణాల్లో వినికిడి లోపమూ ఉంది, నలుగురికీ దూరమైపోవడమూ ఉంది. నా అనుభవంలో ఆ రెండూ విడివిడిగా రాలేదు, ఒకదాని చెయ్యి పట్టుకుని రెండోది వచ్చింది.

అప్పట్లో ఒక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివాడే, ఓపిక లేనివాడని అనను. కానీ కుర్చీలో నేను కూర్చుని ఉండగా, "నొప్పి ఎప్పటినుంచి?" అని మా అబ్బాయిని అడిగారు. "రాత్రి నిద్ర పడుతోందా?" అనీ వాడినే అడిగారు. నాకు నిద్ర పడుతోందో లేదో వాడికేం తెలుసు? వాడు నా వైపు చూశాడు, నేను చెప్పాను, వాడు దాన్ని మళ్లీ ఆయనకు చెప్పాడు. చివర్లో మాత్రలు రాస్తూ ఆయన నాతో అన్న ఒకే ఒక్క మాట, "ఈ వయసులో ఇంతేనమ్మా." ఆ మాట నేను నమ్మాను. నమ్మడమే నాకు జరిగిన అసలు నష్టం అని ఇప్పుడు అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ రోజు నుంచి నొప్పి లేని రోజున కూడా నేను మెట్లు ఎక్కడానికి ప్రయత్నించలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అనారోగ్యానికీ, లెక్కలో లేకుండా పోయామనే భావానికీ మధ్య ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు 'ఇది నావల్ల అవుతుంది' అనే నమ్మకం. జబ్బు నేరుగా మనిషిని ఊరి నుంచి విడదీయదు. ముందు ఈ నమ్మకాన్ని తీసేస్తుంది, అది పోయాక మనిషి తనంతట తానే గుమ్మం లోపలికి తప్పుకుంటాడు. ఇంకో దారుణమైన సంగతి ఏమిటంటే, ఈ నమ్మకాన్ని తీసేసే పనిలో జబ్బుకు మనం, ఇంట్లోవాళ్లం, ప్రేమతో చేసే సాయం చాలా ఉంది.

ఈ నమ్మకం గురించి శాస్త్రీయంగా ఆలోచించినవారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1977లో ఆయన ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, ఒక పని నేను చేయగలను అనే నమ్మకం గాలిలోంచి రాదు. అన్నిటికన్నా బలంగా అది చేసి చూడటం వల్ల వస్తుంది. నాలాంటి మరో మనిషి చేస్తుండగా చూడటం వల్ల వస్తుంది. నమ్మదగిన మనిషి చెప్పిన మాట వల్ల కొంత వస్తుంది. మన ఒంట్లో కలిగే దడ, అలసట, నొప్పి వంటివాటికి మనం ఇచ్చుకునే అర్థాన్ని బట్టి కొంత పెరుగుతుంది, తరుగుతుంది. ఇప్పుడు దీన్ని మా ఇంట్లో జరిగినదానితో పోల్చి చూడండి. పనులన్నీ చేతుల్లోంచి తీసేశారు, కాబట్టి చేసి చూడటం పోయింది. ఇల్లు కదలడం లేదు, కాబట్టి నా ఈడువాళ్లు ఏం చేస్తున్నారో చూడటం పోయింది. నమ్మదగిన మనిషి 'ఇంతేనమ్మా' అన్నారు. ఇక మెట్టెక్కితే వచ్చే ఆయాసాన్ని అలవాటు తప్పిన ఒళ్లు పడే ఆయాసంగా కాక, ముంచుకొస్తున్న ముసలితనంగా చదువుకున్నాను. నాలుగు దారులూ ఒక్కసారే మూసుకుపోయాయి, ఎవరూ చెడ్డ ఉద్దేశంతో మూయకుండానే.

తిరిగి తెరుచుకున్న దారి చాలా చిన్నది. ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి, మా మనవరాలి కన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. మొదటి రోజు రెండుసార్లు లేచాను. ఆ రెంటినీ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, గోడకు అంటించమంది. తొడ ముందు భాగంలోని కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని ఆ పిల్ల వివరిస్తుంటే, 30 ఏళ్లు పిల్లలకు కండరాల బొమ్మలు గీసి చూపిన నేను కొత్తగా వింటున్నట్టు విన్నాను. ఆరు వారాలకు ఆ కాగితం మీద 10 అనే అంకె వచ్చింది. గుజ్జు మాత్రం ఎంత అరిగిందో అంతే ఉంది. ఆ అంకె పడిన వారంలోనే నేను అయ్యకోనేరు గట్టు దాకా ఒక్కదాన్నీ నడిచి వెళ్లి వచ్చాను.

మా అమ్మ సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది.

మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర. పొందూరు సన్న ఖద్దరు గురించి తెలియనివారు మన జిల్లాల్లో ఉండరు గానీ, ఆ నూలు ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్ల చేతుల్లోంచే వస్తుందని తెలిసినవారు తక్కువ. అమ్మకు 86 ఏళ్లు. పదేళ్ల పిల్లగా రాట్నం ముందు కూర్చుంది. రెండేళ్ల కిందట నూతి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా తిరగలేదు. తమ్ముడు రాట్నాన్ని అటకెక్కించి, "ఇన్నాళ్లు చేసింది చాలమ్మా, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో" అన్నాడు. వాడికి అమ్మంటే ప్రాణం, ఆ మాట వాడు ప్రాణం పెట్టే అన్నాడు. అమ్మ అరుగు మీదికి రావడం మానేసింది. తిండి తగ్గించింది. నేను వెళ్లినప్పుడు గోడ వైపు తిరిగి పడుకుని, "నానున్నానని ఎవులికైనా గుర్తుందేటి?" అంది. వీధిలో పదిమంది ఆమెను అప్పా అని, పెద్దమ్మా అని పిలిచేవాళ్లు ఉండగా అన్న మాట అది.

మూణ్నెల్ల తర్వాత ఒక పొద్దున్న, వెనక వీధిలోని ఒక వడికే ఆమె బుట్టెడు పత్తి తెచ్చి అరుగు మీద పెట్టి, "అప్పా, నా కళ్లు ఆనడం నేదు, ఈ పత్తి కాస్త దువ్వి ఎట్టవా" అంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ ఎముకకు సన్నని పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజను వేళ్ల మధ్య పట్టుకుని, దాని చుట్టూ ఉన్న దూది పోగుల్ని ఆ పళ్లతో మెల్లగా దువ్వితే, ఆకు పొట్టూ మట్టీ రాలిపోయి పోగులు వరుస కడతాయి. ఆ తర్వాతే గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం. దువ్వడానికి మణికట్టు పెద్దగా తిరగనక్కర్లేదు, వేళ్లూ ఓపికా ఉంటే చాలు. మొదటి రోజు అమ్మ ఓ గుప్పెడు దువ్వి, చెయ్యి లాగుతోందని ఆపేసింది. మర్నాడు తనే బుట్ట దగ్గరికి జరుపుకుంది. నెల తిరిగేసరికి ముగ్గురు ఆడవాళ్లు తమ పత్తి ఆమె దగ్గరే పెడుతున్నారు, ఎవరిది మురికిగా ఉందో ఎవరిది శుభ్రంగా ఉందో ఆమె మొహమాటం లేకుండా చెబుతోంది, వాళ్లు పడుతున్నారు. మణికట్టు ఇప్పటికీ తిరగదు. వైద్యుడి కాగితంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. అన్నం మాత్రం తింటోంది.

ఒక ఇంట్లో జరిగినది రుజువు కాదని జీవశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలుసు. అయితే ఇటువంటిదాన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం చిన్నది, కానీ మరువలేనిది. ఒక అంతస్తులోని వృద్ధులకు తలా ఒక మొక్క ఇచ్చి, దాన్ని మీరే చూసుకోవాలని, మీ గదిలో ఏది ఎలా ఉండాలో మీరే నిర్ణయించుకోవాలని చెప్పారు. మరో అంతస్తులోని వారికీ మొక్కలు ఇచ్చారు, కానీ నీళ్లు మేమే పోస్తాం, అన్నీ మేమే చూసుకుంటాం అన్నారు. కొద్ది వారాల్లోనే మొదటివారిలో చురుకూ ఉత్సాహమూ ఎక్కువగా కనిపించాయి. ఏడాదిన్నర తర్వాత చూస్తే వారిలో మరణాలు కూడా తక్కువన్నారు. ఆ తర్వాత మరణాల లెక్కలో పొరపాటు జరిగిందని, ఆ తేడా మొదట చెప్పినంత బలమైనది కాదని వారే సవరించుకున్నారు. ఆ సవరణ చదివాక నాకు ఆ ప్రయోగం మీద గౌరవం పెరిగింది. చావు తప్పించే మంత్రం కోసం నేను వెతకడం లేదు. "మేమే చూసుకుంటాం" అనే తియ్యని మాట ఆ రెండో అంతస్తువారికి ఏం చేసిందన్నదే నాకు కావలసినది, అది నాకు మా ఇంటి హాల్లో టీవీ ముందు తెలిసింది.

2002లో బెక్కా లెవీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ప్రచురించిన ఫలితం ఇంకొంత దూరం వెళుతుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక ఊరిలో 50 ఏళ్లు దాటిన 660 మంది తమ వార్ధక్యాన్ని తాము ఎలా చూసుకుంటున్నారో ముందుగా అడిగి తెలుసుకుని, రెండు దశాబ్దాలకు పైగా కాలంలో ఎవరు ఎంతకాలం బతికారో సరిచూశారు. తమ ముసలితనాన్ని మంచిగా తలచుకున్నవారు, అలా తలచుకోనివారి కన్నా సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. వయసు, ఆరోగ్యం, ఆర్థిక స్థితి, ఒంటరితనం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం నిలిచింది. ఒహాయోలో తేలినది ఆమదాలవలసకు అచ్చుగుద్దినట్టు వర్తిస్తుందని నేను అనను. కానీ 'ఈ వయసులో ఇంతేనమ్మా' అనే మాటను ఇకమీదట ఎవరూ తేలిగ్గా వాడకూడదనడానికి ఇది చాలు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాని గురించి చెప్పకుండా ముందుకు వెళితే నేను అన్యాయం చేసినదాన్నవుతాను. 'నమ్మకం ఉంటే అన్నీ అవుతాయి' అని ముసలివాళ్లకు బోధించడం చాలా సులువు, దానికి ఖర్చు కూడా లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి, ఒక్కోసారీ సుమారు నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉండే మనిషికి 'ఆత్మవిశ్వాసం పెంచుకో బాబూ' అని చెప్పడం క్రూరత్వం. నమ్మకం రక్తాన్ని శుభ్రం చేయదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాక ఆ ప్రాంతపు రోగులు విశాఖపట్నం దాకా వెళ్లవలసిన అవసరం కొంత తగ్గడం అనేది, ఎన్ని ధైర్యవచనాలు చెప్పినా సమానం కాని మేలు. దూరం తగ్గితేనే 'నేను వెళ్లగలను' అనే మాట పుడుతుంది.

అంటే, నమ్మకానికి కాలు మోపడానికి నేల కావాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో ప్రయాణం ఉచితం. నాకు చాలా సంతోషం కలిగింది. కానీ బస్సు మెట్టు మాత్రం ఎంత ఎత్తులో ఉండేదో అంతే ఎత్తులో ఉంది, వెనక నుంచి "తొందరగా ఎక్కమ్మా" అనే గొంతూ అలాగే ఉంది. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైంది, ఒకటో తారీఖున గుమ్మం ముందుకే వస్తుంది. ఆ పొద్దున్న మా అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. ఆమె ఇంటిపేరుతో సహా పూర్తి పేరును గట్టిగా పిలిచేవాళ్లు నెలకు ఆ ఒక్కరోజే వస్తారు మరి. అదే అమ్మను ఒకసారి వేరే పని మీద ఒక కార్యాలయానికి తీసుకెళితే, వేలిముద్ర పడలేదు. 70 ఏళ్లు నూలు పోగును వేళ్ల మధ్య నలిపిన బొటనవేలి మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? ఆమె వేలిని చీర కొంగుకు రుద్దుకుని మళ్లీ పెట్టింది, మళ్లీ రుద్దుకుని మళ్లీ పెట్టింది. నాలుగోసారికి కిటికీ అవతలి కుర్రాడు "రేపు రండి" అన్నాడు. బయటికి వచ్చాక అమ్మ తన వేలిని వెలుగులో తిప్పి చూసుకోవడం నేను చూశాను. నువ్వు నువ్వు కాదని ఒక యంత్రం చెబితే, 86 ఏళ్ల మనిషి ఏ నమ్మకంతో దానికి ఎదురు చెబుతుంది?

కాబట్టి నా వాదన రెండు వైపులా పదునైనదిగా ఉండాలి. ప్రభుత్వమూ, ఆసుపత్రులూ, ఆఫీసులూ నేలను సరిచేయాలి: మెట్టు తగ్గించాలి, పట్టుకోవడానికి కమ్మీ పెట్టాలి, వేలిముద్ర పడకపోతే మరో దారి అక్కడే అప్పుడే చూపాలి, ముసలి రోగి ఎదుట ఉంటే వైద్యుడు ఆ రోగితోనే మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది, దానితో ముడిపడి ఏటా 8,71,000కు పైగా మరణాలు సంభవిస్తున్నాయి. ఇది ఇంటి గుట్టు కాదు, రోడ్డూ నీళ్లూ వంటి సమస్యే.

ఇళ్లలో చేయవలసినది మాత్రం వేరు, అది ఎక్కువ కష్టం. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో, మత్స్యకారులైతే గుజరాత్ తీరానికో వలసపోవడం తరతరాలుగా ఉన్నదే. దూరంగా ఉన్న పిల్లలు అపరాధ భావంతో డబ్బు పంపుతారు, వచ్చిన నాలుగు రోజులూ అమ్మ చేత గ్లాసు కూడా ఎత్తనివ్వరు. వాళ్లకు నా విన్నపం ఒక్కటే, ఆ గ్లాసు ఎత్తనివ్వండి. పని చెప్పండి, అయితే ఉత్తుత్తి పని చెప్పకండి. ముసలివాళ్లను మురిపించడానికి కల్పించిన పనిని ముసలివాళ్లు ఇట్టే పసిగడతారు. మా అమ్మకు పత్తి తెచ్చిన ఆమె జాలితో తేలేదు. ఆమె కళ్లు నిజంగానే ఆనడం లేదు, ఆమెకు దువ్విన పత్తి నిజంగానే కావాలి. అక్కరలోంచి వచ్చిన పిలుపు కాబట్టే అమ్మ లేచి కూర్చుంది.

నా తరంవారితోనూ ఒక మాట ఉంది. మనల్ని మూల కూర్చోబెట్టేది పిల్లలు మాత్రమే కాదు. 'మనవల్ల ఏమవుతుంది, కాటికి కాళ్లు చాపుకున్నవాళ్లం' అని పిల్లల కన్నా ముందు మనమే అంటున్నాం. చెవి యంత్రం పెట్టుకోవడానికి నేను రెండేళ్లు సిగ్గుపడ్డాను, కళ్లజోడుకు లేని సిగ్గు దానికెందుకో ఇప్పటికీ చెప్పలేను. అది పెట్టుకున్న మొదటి వారం కుక్కరు కూత, కాగితాల గరగర భరించలేకపోయాను. మూడో వారంలో భోజనాల దగ్గర ఒకరి మాటకు, అర్థమై, నవ్వాను.

గత దసరాకు నేను సిరిమాను చూడటానికి వెళ్లాను. అబ్బాయి వద్దనలేదు గానీ మొహంలో భయం కనిపించింది. మడత కుర్చీ వాడి చేతికిచ్చి, జనం పల్చగా ఉండే సందు మొగలో వేయించుకున్నాను. మాను మొదటిసారి తిరిగినప్పుడు లేచి నిలబడి దండం పెట్టుకున్నాను. రెండోసారికి కాళ్లు లాగాయి, ఇంటికి వచ్చేశాం. మూడోసారి కేక మళ్లీ కిటికీలోంచే విన్నాను. టీవీ పెట్టలేదు.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. వాలుగ దవడకు పళ్లు అరిగిపోయాయట, పత్తి సరిగా దువ్వబడటం లేదట, తమ్ముడికి చెబితే మర్చిపోతున్నాడట. "నువ్వే వొచ్చి పొందూర్లో అడిగి ఓటి అట్రా, బేగి" అని పెట్టేసింది. మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగలేదు. మంగళవారం పొద్దుటి బస్సుకు వెళుతున్నాను.